టూరింగ్ కారుకు కొత్త రంగు

ఆదివారం పొద్దున్నే లెక్కల మాస్టారు ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చారు. మోకాలు మార్చే ఆపరేషన్ అయింది. చేతికర్ర ఊతంతో గేటు దాటగానే ఆయన చూపు షెడ్డువైపు తిరిగింది. కూతురు ఆ క్షణం కోసమే ఎదురుచూస్తోంది.

"ఒక్క నిమిషం కళ్లు మూసుకో నాన్నా," అంటూ షెడ్డు తలుపు లాగింది.

లోపల ఆయన తండ్రి నాటి అమెరికా టూరింగ్ కారు. మడతపడే గుడ్డ పైకప్పు, కర్ర చక్రాలు, ఇత్తడి దీపాలు. నలుపు వెలిసి, పొలుసులు లేచి ఉండే ఆ బండి ఇప్పుడు అద్దంలా మెరుస్తోంది. సీట్లకు ఎర్రటి కొత్త తోలు.

మాస్టారు కళ్లు తెరిచి, దీపాల నుంచి చక్రాల దాకా చూశారు. తర్వాత కూతురి తల నిమిరి, "బాగుందమ్మా. ఎంత శ్రమపడ్డావో," అని ఇంట్లోకి నడిచారు. బండి దగ్గరికి మాత్రం వెళ్లలేదు. నొప్పేమోలే అని ఆమె సరిపెట్టుకుంది.

నిజానికి ఆ శ్రమంతా ఆయన కోసం కాదు. ఆమె బీమా కంపెనీలో మేనేజరు. ఓసారి భోజనానికి వచ్చిన పై అధికారి షెడ్డులోకి తొంగిచూసి, "దీన్నింకా పాత ఇనుముకి వేయలేదా?" అని నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. నాన్న ఆస్పత్రిలో చేరగానే పెయింటర్‌ను పిలిపించింది.

"మామయ్యగారిని ఒక్క మాట అడిగితే..." అని భర్త నసిగాడు.

"అడిగితే ఒప్పుకుంటారా? చూశాక ఆయనే మురిసిపోతారు," అని అతని నోరు మూయించింది.

మధ్యాహ్నం పాతకార్ల సంఘం అధ్యక్షుడు, కార్యదర్శి పలకరించడానికి వచ్చారు. తయారైన నాటి రంగు, తోలు, చెక్క ఏదీ మార్చని బండ్లకు వాళ్ల ప్రదర్శనలో ముందు వరుస ఉంటుంది. అక్కడ మాస్టారి బండికి చోటు ఎప్పుడూ ఖాయం. షెడ్డు గుమ్మంలోనే అధ్యక్షుడు నిలబడిపోయాడు.

"ఇదేంటి మాస్టారూ! ఎవరు చేశారీ పని?"

కూతురు ఒకడుగు వెనక్కి వేసింది.

"నేనే చేయించానండీ," అన్నారు మాస్టారు తాపీగా.

"మీరా? తడిగుడ్డ కూడా తగలనిచ్చేవారు కాదే! పాత రంగు ఒకసారి పోతే మళ్లీ రాదని మాకు క్లాసు పీకింది మీరే కదండీ?"

"నాకు మోకాలు మార్చారు, దానికి రంగు మార్చాను," అని మాస్టారు నవ్వబోయారు. ఎవరూ నవ్వలేదు.

"పెద్దాయనకి మతి చలించినట్టుంది," అని కార్యదర్శి గొణిగాడు. అది అందరికీ వినపడింది. జీవితమంతా పాఠాలు చెప్పిన మనిషి, తప్పు చేసిన పిల్లాడిలా తల దించుకున్నారు.

కూతురికి ఒళ్లంతా సిగ్గుతో కాలిపోయింది. "నాన్న కాదండీ, నేను. ఆయన లేనప్పుడు, అడగకుండా చేయించాను. అదీ ఆయన కోసం కాదు. మా ఆఫీసువాళ్ల ముందు నామోషీ అనిపించి చేయించాను."

వాళ్లు వెళ్లిపోయారు.

"నన్ను తిట్టు నాన్నా! ఆ నింద నీమీదెందుకు వేసుకున్నావు?"

"తిడితే పాత రంగొస్తుందా? వాళ్లు నిన్ను మాటలంటుంటే వింటూ నిలబడటం నావల్ల కాదమ్మా." ఆయన చేతికర్రతో బండి తలుపు చూపించారు. "ఒక్కటే బాధ. డ్రైవరు వైపు తలుపు మీద మా నాన్న మోచెయ్యి ఆనించీ ఆనించీ రంగు అరిగిపోయి ఉండేది. రోజూ ఓసారి అక్కడ చెయ్యి పెట్టేవాణ్ణి. ఇందాక నువ్వు వంటింట్లో ఉన్నప్పుడు వచ్చి వెతికాను. అంతా నున్నగా ఉంది."

ఆమె నేలమీద కూలబడి, ముఖం చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"ఇంజను ముట్టుకోలేదుగా?" అని అడిగారాయన, ఆమె ఏడుపు తగ్గాక.

"లేదు."

"అయితే లే. ఎక్కి కూర్చో. ఈ కాలుతో నేనింక నడపలేను. నీకు నేర్పిస్తాను. నువ్వు నడుపుతుంటే ఆ రంగూ అరుగుతుంది. నేను చూడకపోయినా, ఎవరో ఒకరు తడిమి చూసుకుంటారు."

ఆమె డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగు పట్టుకుంది. ఆ తలుపు అంచు మీద చెయ్యి పెట్టడానికి మాత్రం మనసొప్పలేదు. మాస్టారే ఆమె మోచేతిని పట్టుకుని, మెల్లగా అక్కడ ఆనించారు.