తిరిగి మెట్లెక్కిన మనిషి

ఉదయం ఏడున్నరకి ముందుగదిలో కుట్టుమిషను చప్పుడు మొదలైందంటే ఆ ఇంట్లో అందరూ లేచినట్టే లెక్క. దర్జీ దుకాణం మూసేసి మూడేళ్లయినా ఇంటాయన చెయ్యి ఊరుకోదు. ఆ రోజు ఎదురింటివాళ్ల కర్టెన్లు ముందేసుకుని కూర్చున్నాడు.

"కాసేపు ఆ మిషను ఆపండి. పక్కింటి పాప నిద్ర లేస్తుంది," అంది వంటింట్లోంచి ఆయన భార్య.

"పక్కింటి పాపకి పద్నాలుగేళ్లు. ఈపాటికి బడికి వెళ్లిపోయుంటుంది. నీకు ప్రతివాళ్లూ ఇంకా పొత్తిళ్లలోనే కనిపిస్తారు."

ఆమె నవ్వుకుంటూ టీ వడగట్టింది. ముప్పైనాలుగేళ్లు పసిపిల్లల వార్డులో నర్సుగా పనిచేసిన మనిషి. ఊళ్లో అందరూ పెద్ద నర్సమ్మ అంటారు. ఆరేళ్ల కిందట ఆస్పత్రికి నిప్పంటుకున్నప్పుడు మూడో అంతస్తులోంచి తొమ్మిదిమంది పసికందులు ప్రాణాలతో బయటపడ్డారు. మసిబారిన ముఖంతో, ఒక్కో చేతిలో ఒక పసిబిడ్డతో ఆమె ఇనుప మెట్లు దిగుతున్న ఫొటో అన్ని పత్రికల్లోనూ వచ్చింది. వచ్చే శుక్రవారం నర్సింగ్ స్కూల్లో కట్టిన కొత్త హాలుకి ఆమె పేరు పెట్టబోతున్నారు.

కూతురు చిట్టి ఒక న్యూస్ ఛానల్లో పనిచేస్తుంది. జుట్టు దువ్వుకుంటూ వచ్చి, టీ కప్పు అందుకోబోతుండగా ఫోను మోగింది. "చెప్పండి సార్," అంటూ బాల్కనీలోకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అమ్మా, పాత ఆస్పత్రి బిల్డింగు కూలగొడుతున్నారు కదా. అక్కడ సీసీ కెమెరా రికార్డింగు దొరికిందట. మా ఛానల్‌కి ఎవరో పంపారు. ఒంటిగంటకి వేస్తారట."

"ఏముందిట అందులో?" అన్నాడు తండ్రి.

చిట్టి తల్లినే చూస్తోంది. "మంటలు మొదలయ్యాక అమ్మ ఒక్కతే పరిగెత్తుకుంటూ ఆవరణలోకి వచ్చిందట. ఉత్తి చేతులతో. నాలుగు నిమిషాలు అక్కడే ఉందట. ఆ తర్వాతే వెనక మెట్లెక్కిందట. అబద్ధమని చెప్పానమ్మా. మా అమ్మ వార్డు వదిలి కదల్లేదు, అది ఇంకెవరో అయ్యుంటారన్నాను."

పెద్ద నర్సమ్మ స్టవ్ కట్టేసింది. తడి చేతులు తువ్వాలుకి తుడుచుకుంది.

"నేనే చిట్టీ," అంది.

ముందుగదిలో మిషను ఆగిపోయింది.

"అంటే... పారిపోయావా?"

"పారిపోయాను."

చిట్టి కుర్చీలో కూలబడింది. అక్కణ్నుంచే గబగబా మాట్లాడింది. "సరే. ఇంకా టైముంది. మా ఎడిటర్ నీ మాట కూడా కావాలన్నారు. సెక్యూరిటీని పిలవడానికి కిందికొచ్చానని చెప్పు. ఎవరూ కాదనలేరు. ఆ రికార్డింగులో మాటలు వినపడవు."

"పిలవడానికి రాలేదుగా."

"అమ్మా! రేపు నిన్ను ఏమంటారో తెలుసా? 'పారిపోయిన వీరనారి' అని వేస్తారు. నాకు తెలుసు, అలాంటి హెడ్డింగులు రాసేది నేనే!"

"తెలుసు. పోయినేడు ఆ ఈత నేర్పే మాస్టారి తప్పు బయటపెడుతూ ప్రోగ్రాం చేశావు. వాళ్లింట్లో పిల్లలున్నారా అని అడిగాను. గుర్తుందా? నిజం చూపించడం మా పనమ్మా అన్నావు."

"అది వేరు!"

"ఎలా వేరు?"

చిట్టికి ఏడుపొచ్చింది. "ఆరేళ్లుగా నేను ఏ గదిలోకి అడుగుపెట్టినా ఆవిడ కూతురు అంటారు. భయమేసినప్పుడల్లా మా అమ్మ భయపడలేదు కదా అనుకుని పళ్లు బిగపట్టి బతికాను. నాకైనా చెప్పొచ్చుగా! నాన్నకైనా చెప్పావా?"

"నన్నెందుకు లాగుతారు మధ్యలో," అన్నాడు ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి. "నాకు మాత్రం ఏం చెప్పింది? నిద్రలో ఉలిక్కిపడి లేచి, తాళంచెవి ఏదీ అని వెతుక్కునేది. అడిగితే ఏమీలేదు పడుకోండి అనేది."

పెద్ద నర్సమ్మ కూతురి ఎదురుగా కూర్చుంది. ఆరేళ్లుగా దాచుకున్నదాన్ని ఒక్కొక్క మాటగా బయటికి తెచ్చింది.

ఆ మధ్యాహ్నం వరండా నిండా పొగ కమ్మేసింది. వార్డుకి వెనక ఒక తలుపుంది. దాని బయటే ఇనుప మెట్లు. ఆ తలుపు తాళంచెవి ఆమె జేబులోనే ఉంది. పొగ చూడగానే బుర్ర పనిచెయ్యలేదు. కాళ్లు మాత్రం పనిచేశాయి. ముందువైపు మెట్లమీదుగా పరుగెత్తి ఆవరణలోకొచ్చి పడింది. గోడ పక్కన కూలబడి వాంతి చేసుకుంది. లేద్దామంటే మోకాళ్లు వణికాయి. జేబులో చెయ్యి పెడితే తాళంచెవి తగిలింది. అప్పుడు గుర్తొచ్చింది, లోపల తొమ్మిదిమంది పిల్లలు, ఆయా.

"ఆయా ఎవరు?" అంది చిట్టి.

ఆ ప్రశ్నకి తల్లి తల వంచుకుంది. "చూశావా, నీకు కూడా తెలీదు. నేను వెనకనుంచి వెళ్లి తలుపు తీసేసరికి తొమ్మిది ఉయ్యాలబుట్టల్నీ ఆ తలుపు దగ్గరికి చేర్చి, తడిపిన దుప్పట్లతో వరండావైపు గుమ్మం సందులన్నీ కుక్కి, పిల్లలకి అడ్డంగా కూర్చునుంది ఆవిడ. ఆ నాలుగు నిమిషాలూ పిల్లల్ని బతికించింది తనే. నేను తలుపు తీసి, ఇద్దరం కలిసి దింపాం. ఆ ఫొటోలో అంచున ఆవిడ మోచెయ్యి కూడా ఉండేది. అచ్చేసేటప్పుడు కత్తిరించారు."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"మొదట వచ్చిన విలేకరికి చెప్పాను. 'సిబ్బంది సాయంతో' అని రాశాడు. మళ్లీ గట్టిగా చెప్పాలంటే, ఆవిడ లోపలుంటే నువ్వెక్కడున్నావని అడుగుతారు. అందుకని ఊరుకున్నాను. పరిగెత్తినందుకు కాదు చిట్టీ, ఊరుకున్నందుకే నాకు నిద్రపట్టనిది."

గోడ గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. పెద్ద నర్సమ్మ లేచి చెప్పులేసుకుంది. "మీ వాళ్లతో మాట్లాడతాను. కానీ ముందు ఆవిణ్ని అడగాలి. ఆవిడ కథ కూడా కదా అది."

* * *

ఆయా రెండు బస్సులు మారితే వచ్చే పేటలో, ఇస్త్రీ దుకాణం మీది గదిలో ఉంటోంది. తలుపు తీసి, పెద్ద నర్సమ్మనీ వెనకే వచ్చిన చిట్టినీ ఎగాదిగా చూసింది.

"దారి తప్పి వచ్చావా సిస్టరమ్మా?" అంది.

"తప్పు చేసి వచ్చానక్కా," అంది పెద్ద నర్సమ్మ. గుమ్మంలో నిలబడే అంతా చెప్పేసింది. కెమెరా సంగతి, ఛానల్ సంగతి, ఆ నాలుగు నిమిషాల సంగతి.

ఆయా కుర్చీ చూపించింది. "నాకు తెలీదనుకున్నావా? నువ్వు పరిగెత్తడం నా కళ్లతో చూశాను. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. తిడుతూనే ఉయ్యాలలు తోశాను. నీ ముత్తాతల్ని కూడా వదల్లేదు. తర్వాత వెనక తలుపు బయట తాళంచెవి తిరిగిన చప్పుడు వినిపించింది. తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను."

"మీరెందుకు పరిగెత్తలేదు ఆంటీ?" అని చిట్టి ఉండబట్టలేక అడిగింది.

"నా మోకాళ్లకి పరుగు రాదమ్మా," అని నవ్వేసింది ఆయా. అంతలోనే నవ్వు ఆపేసింది. "ఏమో. ఒక బిడ్డ నా వేలు పట్టుకునుంది. విడిపించుకోబుద్ధి కాలేదు. అంతే. ధైర్యం అనుకోలేదు నేను. మీ అమ్మ సంగతి వేరు. చల్లగాలిలోకి వెళ్లిపోయిన మనిషి మళ్లీ పొగలోకి రావడం చిన్న విషయం కాదు."

ఆయా ఇద్దరికీ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

"కానీ ఒకటి మాత్రం గుచ్చుకుంది," అంది ఆయా నెమ్మదిగా. "పొగ పీల్చి నెల్లాళ్లు వేరే ఆస్పత్రిలో పడున్నాను. ఒక్కసారే వచ్చావు. వచ్చి కూడా మంచం చివరనే నిలబడ్డావు. ఫొటోలో లేకపోతే లేకపోయాను. నీక్కూడా లేకుండా పోయానా అనిపించింది."

"నీ ముఖం చూడలేకపోయానక్కా." పెద్ద నర్సమ్మ రెండు చేతుల్లో ముఖం దాచుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. ఆయా లేచి వచ్చి, ఆమె తల తన పొట్టకి ఆనించుకుని, వార్డులో పిల్లల్ని ఊరుకోబెట్టినట్టే వీపు తట్టింది.

"ఊరుకో. ఇప్పుడు వచ్చావుగా. కెమెరా అన్నావు, అదేదో తొందరగా కానియ్యండి. నాకు ఒంటిగంటకి ఆకలేస్తుంది."

చిట్టి ఎడిటర్‌కి ఫోను చేసింది. "రికార్డింగు వెయ్యండి సార్. ఆపమనను. కానీ అది సగం నిజం. మిగతా సగం పంపిస్తున్నాను. కత్తిరించకుండా వేస్తేనే పంపిస్తాను." "సరే, పంపించు," అన్నాడు ఎడిటర్.

పక్కపక్కన కూర్చుని ఇద్దరూ మాట్లాడారు. ఏడు నిమిషాలు. ఫోనులో రికార్డు చేస్తున్న చిట్టి ఒక్క మాటకీ అడ్డుపడలేదు.

* * *

ఒంటిగంటకి ఆ రికార్డింగూ, ఈ ఏడు నిమిషాలూ కత్తిరించకుండానే వేశారు. ఆ సాయంత్రం నుంచి మూడు రోజులు ఇంటి ముందు కెమెరాలే. పిరికిదన్నవాళ్లున్నారు, నాటకమన్నవాళ్లున్నారు. గేటు దగ్గర ఒకాయన గట్టిగా అరిస్తే, దర్జీ కత్తెర చేతిలో పట్టుకునే బయటికెళ్లి, "కొలతలేమైనా తియ్యాలా బాబూ?" అని అడిగొచ్చాడు. నర్సింగ్ స్కూలువాళ్లు ఫోను చేసి, కార్యక్రమం ప్రస్తుతానికి వాయిదా వేశామన్నారు. "మంచిదండీ," అని పెట్టేసింది పెద్ద నర్సమ్మ. ఆ పూట అన్నం మాత్రం సగమే తింది.

గురువారం మళ్లీ ఫోను వచ్చింది. ఈసారి ప్రిన్సిపాల్ స్వయంగా మాట్లాడింది. హాలుకి పేరు సంగతి కమిటీ ఇంకా తేల్చలేదట. కానీ ఆఖరి సంవత్సరం అమ్మాయిలందరూ సంతకాలు పెట్టి కాగితం ఇచ్చారట. ఇద్దర్నీ పిలిపించమని.

శుక్రవారం ఆ పేరులేని హాల్లో కూర్చోవడానికి చోటు లేక కిటికీల్లో కూడా కూర్చున్నారు. పెద్ద నర్సమ్మ ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయా మధ్యమధ్యలో, "కాదు, మొదట కిటికీ మూశాను, తర్వాతే దుప్పట్లు," అని సరిదిద్దింది.

చివర్లో వెనక వరసలోంచి ఒక సన్నపాటి అమ్మాయి లేచింది. "మేడమ్, మీ ఫొటో మా హాస్టల్ గోడమీద ఉంది. పోయిన నెల నా చేతుల్లో ఒక పేషెంటు ఊపిరాడక కొట్టుకుంటుంటే నేను బాత్రూములోకి వెళ్లి తలుపేసుకున్నాను. రెండు నిమిషాలు. తర్వాత వచ్చి సీనియర్‌తో కలిసి చేశాను. ఆయన బతికారు. కానీ ఆ ఫొటో చూసినప్పుడల్లా నేనీ పనికి పనికిరానని అనిపించేది. మానేద్దామనుకున్నాను." ఆమె కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడు మానను. ఒక్కటి చెప్పండి. మళ్లీ అలాంటిదొస్తే మీరు పరిగెత్తరా?"

పెద్ద నర్సమ్మ ఆ అమ్మాయివైపు రెండడుగులు వేసింది.

"తెలీదమ్మా. పరిగెత్తనని చెబితే మళ్లీ ఇంకో ఫొటో అవుతాను. ఒకటి మాత్రం తెలుసు. నువ్వు బాత్రూములోంచి బయటికొచ్చావు చూడు, అది చాలా కష్టమైన పని. దాని గురించి ఎవరికీ చెప్పకుండా మోయడం ఇంకా కష్టం. నేను ఆరేళ్లు మోశాను. నువ్వు నెలకే దించేశావు. నాకంటే నువ్వే నయం."

ఆ అమ్మాయి ఏడుస్తూనే నవ్వింది. "పరిగెత్తితే తిట్టడానికి నేనున్నాగా," అంది ఆయా. హాలంతా ఘొల్లున నవ్వింది.

ఒక మూల కెమెరా పక్కన నిలబడ్డ చిట్టికి కళ్లు మసకబారాయి. భయమెరగని తల్లి ఒకామె తనకి ఉందని ఆరేళ్లు ఊరంతా చెప్పుకుంది. అలాంటామె ఎప్పుడూ లేదు. ఉన్నది వణికే మోకాళ్లతో లేచిన మనిషి. లేచి, మళ్లీ పొగలోకి నడిచిన మనిషి. ఆమెని ఇంతకాలం ఇంట్లో పెట్టుకుని కూడా తాను చూడలేదు.

అమ్మాయిలు చుట్టూ మూగి ఇద్దరి చేతులూ పట్టుకుంటున్నారు. చిట్టి కెమెరా వదిలేసి వాళ్లని తోసుకుంటూ వెళ్లి, తల్లి భుజమ్మీద తల పెట్టేసింది.

"ఏమైందే?" అంది తల్లి కంగారుగా.

"నాక్కూడా చాలా భయాలున్నాయమ్మా," అంది చిట్టి. "ఇంటికెళ్లాక చెబుతాను. అన్నీ వినాలి."

"వింటాను," అంది పెద్ద నర్సమ్మ.