ఆరు సిలిండర్ల ఉరుము

నూట నలభై ఏడో స్తంభం దగ్గర కుక్కర్ మూడోసారి కూసింది. తెర మీద ప్రశ్న వెలిగింది: ఇది ఏమిటి? దయామణి "వంట" అని నొక్కింది. నూట తొంభై రెండు దగ్గర ఎవరో గోడకు మేకు కొడుతున్నారు. "ఇంటి పని." అరవై ఆరు దగ్గర ఏదో మూలుగు. దాన్ని ఆమె రెండుసార్లు విని, కళ్ళు మూసుకుని మూడోసారి కూడా విని, "బోరు మోటారు, బేరింగు అరిగింది" అని నొక్కింది. ఇలాంటివి తప్పు నొక్కితే ఆరు నిమిషాల్లో దొంగ ఇంజన్లు పట్టే మౌనదళం ఆ ఇంటి తలుపు తడుతుంది.

"నేర్చుకున్నాను," అంది ఆలకి. నగరం చప్పుళ్ళన్నీ వినే యంత్రం అది; ప్రతి జవాబుకూ అదే మాట, అదే మెత్తని గొంతు.

శ్రవణ కేంద్రంలో తొమ్మిది మంది వినుకరులున్నారు. వాళ్ళలో దయామణే పాతది. నగరంలో స్తంభాలకు చెవులు తగిలించిన ఏడాదే ఆమె ఉద్యోగంలో చేరింది. పదకొండేళ్ళుగా రోజుకు మూడు నాలుగు వందల చప్పుళ్ళకు పేర్లు చెబుతూ వచ్చింది. ఒకసారి పేరు చెబితే చాలు, ఆ చప్పుడు మళ్ళీ వచ్చినప్పుడు ఆలకి అడగదు. ఎన్నడూ విననిది వినబడినప్పుడే మనిషి కావాలి దానికి.

ఇంజన్లను నిషేధించినప్పుడు ఆమె సంతోషించినవాళ్ళలోనే ఉంది. చిన్నప్పుడు ఉబ్బసంతో రాత్రుళ్ళు కూర్చుని తెల్లవార్చిన మనిషి. ఊరిగాలి ఇప్పుడు బాగుంది. భయపెట్టేది శిక్ష. దొంగచాటుగా ఇంజను నడిపినవాళ్ళను జైల్లో పెట్టరు. నడక శిక్ష వేస్తారు. నగరంలో జనాన్ని తిప్పేవి ఆలకి నడిపే డ్రైవరు లేని పెట్టెలే; ఆ తర్వాత వాటిలో ఒక్కటీ వాళ్ళకు తలుపు తియ్యదు. బజారుకైనా, ఆసుపత్రికైనా, చచ్చేదాకా కాళ్ళ మీదే. పక్కింటి మస్తాన్‌బీ ఆరేళ్ళుగా నడుస్తోంది. చనిపోయిన మొగుడి గుర్తుగా దాచుకున్న మోపెడ్‌ను ఒక్కసారి, ఒక్క నిమిషం స్టార్టు చేసినందుకు. ఆ చప్పుడుకు పేరు చెప్పింది దయామణే. ఆ సంగతి మస్తాన్‌బీకి తెలుసు. దాని గురించి ఎన్నడూ మాట్లాడలేదు.

అలాంటిది, దయామణి ఇంటి పెరట్లోనే లారీ ఉంది.

అది ఆమె మామగారిది. రేకుల షెడ్డులో, ఇటుకల మీద, పాతికేళ్ళు పడి ఉంది. మొగుడు ఏసోబు ఒకప్పుడు లారీ బాడీలు కట్టిన మేస్త్రి. ఇప్పుడు పెట్టెల యార్డులో తలుపుల రబ్బర్లు మారుస్తాడు. మూడేళ్ళ కిందట ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, చొక్కా విప్పి, షెడ్డులోకి వెళ్ళి, లారీ వెనక బాడీ విప్పడం మొదలుపెట్టాడు. ఎందుకని ఆమె అడిగింది.

"ఊరికే చూస్తన్నా మణీ. ఇనప సామానికి వేద్దామని."

ఇనప సామానికి వెయ్యలేదు. చాసిస్‌ను నాలుగడుగులు కోసి కుదించాడు. క్యాబిన్ పైకప్పును జానెడు కోసి దించాడు. కమాన్ పట్టీల్లో సగం తీసేసి బండిని నేలకు దగ్గర చేశాడు. బానెట్టు అసలే పెట్టలేదు. ఆరు సిలిండర్ల ఇంజను గుండె తెరిచినట్టు బయటికే కనబడుతుంది. తుప్పు పట్టిన బోల్టులన్నీ చింతపండు నీళ్ళలో నానబెట్టి, ఒక్కొక్కటీ బ్రష్షుతో తోమాడు. నీలం రంగు వేసి, తలుపు మీద ఒక చేపను గీశాడు. అంత అందమైన వస్తువు ఆ ఇంట్లో మరొకటి లేదు. దాన్ని చూసినప్పుడల్లా దయామణి షెడ్డు తలుపు దగ్గరికి వేసేది.

ఆపలేకపోయింది. ఆపలేనప్పుడు కాపాడటం నేర్చుకుంది. పక్క వీధిలో మునిసిపల్ బోరు నడిచే అరగంటలోనే సుత్తి వాడమంది. గ్రైండరు ముట్టొద్దంది, ఆకురాయితోనే అరగదీయమంది. వెల్డింగుకు చప్పుడు తక్కువ, వెలుగు ఎక్కువ. అందుకని మిట్టమధ్యాహ్నం, తడిగోతాలు చుట్టూ కట్టి చేయించింది. మస్తాన్‌బీ కానుగ గింజలు ఎండబెట్టి, గానుగాడించి, నూనెను డబ్బాలకు పోసి గోడమీదుగా అందించేది. అది దేనికని ఆమె అడగలేదు, వీళ్ళు చెప్పలేదు.

ఒక్క ఒప్పందం మాత్రం గట్టిగా చేసుకున్నారు. ఇంజను స్టార్టు చెయ్యకూడదు. ఏ బోరూ, ఏ గాలీ దాచలేని చప్పుడది.

"బైబిలు మీద ఒట్టెయ్యి," అందామె.

"వేశాగా తల్లీ. నా బతుక్కి చూసుకోటమే చాలు," అన్నాడు ఏసోబు.

ఆ మే నెల బుధవారం, ఎండ నలభై ఆరు దాటింది. పదకొండుంబావుకు, దయామణి ఇల్లున్న వీధిలోని నూట నలభై ఏడో స్తంభం నుంచి ఒక దగ్గు వినబడింది. లోహపు దగ్గు. మళ్ళీ ఒకటి. ఆ తర్వాత ఇంజను అందుకుంది.

దయామణి హెడ్‌ఫోన్‌ను చెవులకు అదుముకుంది. ఆ చప్పుడు ఆమె కూడా పాతికేళ్ళుగా విని ఉండలేదు. అయినా గుర్తుపట్టింది. హెడ్‌ఫోన్ లోపల బరువుగా, లోతుగా, దొర్లుతున్నట్టు మోగుతోంది. మొదట వచ్చింది కోపం. ఒట్టేసి మరీ! తర్వాత, ఆ చప్పుడు మీదుగా, మనిషి గొంతు.

"మస్తాన్‌బీ అక్కా! కళ్ళు మూయమాక! పాము కరిచిన చెయ్యి కిందకే పెట్టు... నాతో మాట్టాడతా ఉండు!"

గింజల గోతాల్లో పాము. నడక శిక్ష ఉన్న మనిషి. ఏ పెట్టే రాదు, అంబులెన్సు అయినా. ఆసుపత్రి తొమ్మిది కిలోమీటర్లు. ఏసోబు ఏం ఆలోచించి ఉంటాడో ఆమెకు పూర్తిగా అర్థమైంది. అసలు ఆలోచించి ఉండడు.

తెర మీద ప్రశ్న వెలిగింది. ఇది ఏమిటి? పక్కన తొంభై సెకన్ల గడియారం.

చెవులు పెట్టేనాటికే లారీలన్నీ కొలిమిలో కరిగిపోయాయి. ఆలకి ఎన్నడూ వినని చప్పుడు. అందుకే అడుగుతోంది. "జనరేటరు" అంటే అనుమతి చూడటానికి మనిషిని పంపుతుంది. "ఇంటి పని" అంటే అంత లోతైన చప్పుడుకు నమ్మదు. ఎవరూ వెళ్ళి చూడని పేరు కావాలి. గడియారంలో పన్నెండు సెకన్లే మిగిలాయి. దయామణి "ఉరుము" అని నొక్కింది.

"నేర్చుకున్నాను," అంది ఆలకి.

నూట నలభై తొమ్మిది: ఉరుము. నూట యాభై మూడు: ఉరుము. ఇక ఆమెను అడగలేదు. పటం మీద చుక్కలు ఒక్కొక్కటే వెలుగుతూ వంతెన వైపు కదిలాయి. మొగుడు ఏ వీధి మలుపు తిరుగుతున్నాడో ఆమెకు కనబడుతూనే ఉంది. ఇంకో పది నిమిషాలు. పది నిమిషాలు చాలు ప్రభువా, అనుకుంది.

రెండు నిమిషాల్లో తొమ్మిది ఉరుములు. ఆలకికి అది తుపాను.

"తూర్పు వార్డులు. ఆగుడు," అంది అదే మెత్తని గొంతుతో.

పటం మీద మూడు వేల పెట్టెలు ఉన్నచోటనే నిలిచిపోయాయి. గాలివానలో తెగిపడే కరెంటు తీగల భయంతో పెట్టిన పద్ధతి అది. పెట్టె ఆగుతుంది, పైకప్పు మీది సూర్యఫలకాలు ముడుచుకుంటాయి, చల్లగాలి ఆగుతుంది, తలుపులు బిగుసుకుంటాయి. గాలి తగ్గిందని నమ్మిన అరగంటకు ఆలకే వదిలిపెడుతుంది. వానలో అయితే లోపలివాళ్ళు క్షేమం. ఇది నలభై ఆరు డిగ్రీల ఎండ.

ముందుగా గాజు మీద అరచేతుల చప్పుడు వినబడింది, వంతెన మొదట్లో స్తంభం నుంచి. తర్వాత ఇంకో స్తంభం. తర్వాత అన్ని స్తంభాలూ. "తలుపు తియ్యండి! పిల్ల సొమ్మసిల్లింది, తలుపు తియ్యండి!" ఆ అరుపులకు ఆలకి ప్రశ్న వెయ్యలేదు. మనుషుల గొంతు దానికి ఎప్పుడో తెలుసు.

పర్యవేక్షకురాలు శేషుకుమారి గదిలోకి పరుగెత్తుకొచ్చింది. కిటికీ తెర లాగింది. ఎండ గదిలోకి కత్తిలా పడింది.

"ఉరుమేంటి? మబ్బు తునక లేదు! ఎవరు రాశారు?"

"నేనే మేడమ్."

"మీరా? పదకొండేళ్ళలో ఒక్క తప్పు లేదే మీది. సరే, పొరపాటు అని ఎక్కించండి, తొందరగా."

"ఎక్కిస్తే ఎంతసేపు పడుతుంది?"

"సమీక్ష సంఘం చూడాలి. గంట." ఆ మాట అన్నాక శేషుకుమారి ముఖం మారిపోయింది. స్పీకర్లో గాజు మోగుతూనే ఉంది.

దయామణి పటం చూసింది. ఉరుముల చుక్క వంతెన దాటింది. ఇంకా ఆరు నిమిషాల దారి. ఆ ఆరు నిమిషాలు ఓర్చుకుంటే మస్తాన్‌బీ ఆసుపత్రి చేరుతుంది, ఏసోబు దొరకడు, తనకేమీ కాదు. ఆమె ఓర్చుకుంది. రెండు నిమిషాలు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ రెండు నిమిషాలకు తనను తాను ఎన్నటికీ క్షమించుకోలేదు. వంతెన దగ్గరి స్తంభంలో పిల్లతల్లి అరుపు ఆగిపోయింది. అరుస్తున్నప్పటికంటే ఆగినప్పుడే భయమేసింది.

ఆమె తెర అడుగున ఉన్న ఎర్రగడి తెరిచింది. దాని మీద రాసి ఉంది: తెలిసి చెప్పిన అబద్ధం.

శేషుకుమారి ఆమె మణికట్టు పట్టుకుంది. "అది వద్దు దయామణి గారూ. అది నొక్కితే మీరు చెప్పిన పాఠాలన్నీ రద్దవుతాయి. ఇవాళ్టిదే కాదు, పదకొండేళ్ళవీ. సగం ఊరికి చెవుడొస్తుంది."

"తలుపులు తెరుచుకుంటాయా?"

"వెంటనే. కానీ మీకు..."

"వదలండి మేడమ్."

ఎర్రగడి నొక్కింది. నిజంగా ఏమిటి, అని తెర అడిగింది. మూడుసార్లు తప్పు కొట్టింది. చివరికి రాసింది: "లారీ ఇంజను. మా ఇంటిది. నడిపేది నా భర్త." ఆయన్ను తన చేతులతోనే పట్టిచ్చానని ఆ క్షణాన ఆమె నమ్మింది.

గదిలో అందరూ పని ఆపి చూస్తున్నారు.

"అబద్ధం చెప్పిన వినుకరి మాట నేర్చుకోను," అంది ఆలకి.

స్పీకర్లలో తలుపుల గొళ్ళేలు ఊడిన చప్పుడు వరుసగా, చాలాసేపు వచ్చింది. జనం దగ్గుతూ, ఏడుస్తూ, ఒకరినొకరు పిలుచుకుంటూ బయటపడుతున్నారు. వాళ్ళలో ఒక పసిగొంతు గుక్కపట్టింది. దయామణి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. అప్పుడే తొమ్మిది తెరల మీదా ప్రశ్నలు కురవడం మొదలైంది. కుక్కర్ కూత, ఇది ఏమిటి? కాకి, ఇది ఏమిటి? గంట, చీపురు, దగ్గు, లారీ, ఇది ఏమిటి, ఇది ఏమిటి. దారి ఎలా ఉందో ఆలకికే తెలియనప్పుడు ఒక్క పెట్టె కూడా కదలదు. తలుపులు తెరుచుకుని అన్నీ రోడ్ల మీదే నిలబడ్డాయి.

"నేను పైకి ఫోన్ చెయ్యాలి," అంది శేషుకుమారి. "చేస్తాను కూడా. ఈలోగా మీరు వెళ్ళిపోండి."

కేంద్రం నుంచి ఆసుపత్రికి నాలుగు కిలోమీటర్లు. దయామణి చీర కొంగు తలమీదుగా కప్పుకుని నడిచింది. ప్రతి మలుపులోనూ మౌనదళం నీలిచొక్కాలు కనబడతాయని వెన్ను బిగపట్టుకుని నడిచింది. కనబడలేదు. రోడ్డు మీద జనం పెట్టెల నీడలో కూర్చుని పిల్లల తలల మీద నీళ్ళు పోస్తున్నారు. వాళ్ళ ముఖాల్లోకి చూడలేకపోయింది.

అత్యవసర విభాగం గుమ్మం ముందు నీలం బండి నిలబడి ఉంది. ఎండలో దాన్ని ఆమె మొదటిసారి చూసింది. ఏసోబు పక్కనే నేలమీద చతికిలబడి ఉన్నాడు. ఆమెను చూసి పక్కకు జరిగాడు.

"అక్క ఎట్టా ఉంది?" అందామె.

"సూది మందు ఎక్కిస్తన్నారు. సాయంత్రం దాకా ఏం చెప్పలేమన్నారు. మాట మాత్రం పడిపోలేదు, లోపల నన్ను తిడతానే ఉంది." ఆమె కళ్ళలోకి చూడకుండా అడిగాడు. "మీ ఆఫీసులో వినపడిందా?"

"వినపడింది."

"ఏమని రాశావు?"

"ముందు అబద్ధం. తర్వాత నిజం."

అతను గేటు వైపు చూశాడు. తర్వాత, "వస్తారా?" అన్నాడు.

"వస్తారు. ఇవాళో, రేపో. ఇక మనకి నడకే."

"నేను ఒట్టు తప్పాను మణీ."

"తప్పావు," అందామె. ఇంకా కోపంగానే ఉంది. పక్కన కూర్చుని అతని భుజం పట్టుకుంది.

ఆసుపత్రి గేటు వైపు నుంచి ఒక మనిషి పరుగెత్తుకొచ్చాడు. చెప్పుల్లేవు, పాదాలు బొబ్బలెక్కాయి. బండిని చూసి ఆగిపోయాడు. దగ్గరికి రావడానికి భయం, పోవడానికి కూడా భయం.

"అన్నా... ఇది నడుస్తదా? వంతెన కాడ మా ఆవిడ పెట్టెలోంచి దిగి పడిపోయింది. ఉలుకూ పలుకూ లేదు. అంబులెన్సు కూడా కదలట్లేదు."

ఏసోబు భార్య వైపు చూశాడు. వంతెన మీద అడుగడుక్కీ స్తంభాలే. ఈపాటికి కేంద్రంలో ఎవరో ఆ పాఠాలు మళ్ళీ నేర్పుతూ ఉంటారు.

దయామణి లేచింది. చేప గీసిన తలుపు తీసింది. మూడేళ్ళలో ఆ బండిలో ఆమె ఎన్నడూ కూర్చోలేదు. లోపల కానుగ నూనె వాసన, సీటు కాలిపోతున్న వేడి. జరిగి ఆ మనిషికి చోటిచ్చింది.

ఏసోబు స్టీరింగు ముందు కూర్చుని తాళం పట్టుకున్నాడు.

"నీకు భయమెయ్యట్లేదా మణీ?"

"వేస్తోంది," అంది దయామణి. "పోనీ."