జవాబు కోసం వదిలిన ఖాళీ

చిన్న సంగతే, రెండు నిమిషాల్లో చెప్పేస్తాను. కృష్ణానగర్‌లో పాత ల్యాప్‌టాప్‌లు బాగుచేసే కొట్టు నాది. పై గదిలో ఉండే నాని గ్రూప్ డాన్సర్. ఇప్పటిదాకా వాడి ఎడమ చెయ్యి ఒక్కటే తెరమీద కనిపించింది. హీరోలా ఆ చేతికి నల్లకళ్ళద్దాలు పెట్టడం ఒక్కటే తక్కువ. ఎదురింటి బాలమణి ఏడుపు సీన్ల జూనియర్ ఆర్టిస్టు. ఇంటి ఓనరు అద్దె కోసం గుమ్మంలోకి వస్తే చాలు, గ్లిసరిన్ అక్కర్లేదు. ఇలా అందరి మీదా ఏదో ఒకటి అనడం నా జబ్బు.

మాటల రచయిత సూర్యప్రకాశరావు గారినీ వదల్లేదు. ఆయన డైలాగులు ఇంకెవరో రాసిపెడతారని టీ కొట్టు దగ్గర అన్నాను. నవ్వు కోసమే. ఆయన పోయాక ఆ మాటే సాకుగా, ఆయన ఏళ్ళ క్రితమే రాసిపెట్టుకున్న సినిమాలోంచి నిర్మాతలు ఆయన పేరు తీసేశారు.

ఆయన భార్య సీతామహాలక్ష్మి గారు శ్రీనగర్ కాలనీ నుంచి ఆటోలో వచ్చారు, ఆయన పాత ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని.

"స్పీకర్ పలకడం లేదు బాబూ. ఏ డైలాగైనా ముందు దీనికే చెప్పి రికార్డు చేసుకునేవారు. నాలుగింటికి రచయితల సంఘంలో వినిపించాలి. వింటేనన్నా ఆయన పేరు వేస్తారు."

"కూసోండమ్మా," అన్నాను, ముఖం చూడకుండా.

మధ్యాహ్నమే అయినా ముసురుకి కొట్టంతా చీకటి. హెడ్‌ఫోన్ పెడితే వినిపిస్తోంది, తీస్తే లేదు. అంటే స్పీకర్ బాగానే ఉంది. హెడ్‌ఫోన్ రంధ్రంలో రేకు అతుక్కుపోయి, ఇంకా ఏదో గుచ్చి ఉందని మిషన్ అనుకుంటోంది. మూత విప్పి, బ్రష్‌తో తుడిచాను. లోపలినుంచి చుట్ట వాసన వచ్చింది. ఆయన కాల్చే చుట్టే.

గొంతు పలికింది. ఒక పాత్ర మాట చెప్పి, అవతలి పాత్ర జవాబు కోసం కాసేపు ఖాళీ వదలడం ఆయన పద్ధతి. ఆవిడ వెంట తెచ్చిన డైలాగు కాగితాల మీద వేలు జరుపుతూ వింటున్నారు.

మాట. ఖాళీ. మాట. ఖాళీ.

"నా మాటలు నావి కావన్నదెవరు?"

ఆవిడ వేలు ఆగింది. "ఇది కాగితంలో లేదే..."

ఖాళీ.

"కమలాకర్. నిన్నే."

నా పేరు వినగానే స్పీకర్ తీగ పీకేశాను. తీగ నా చేతిలోనే ఉంది, గొంతు ఆగలేదు.

"చెప్పు..."

చుట్ట వాసన నా మెడ దాకా వచ్చింది. ఆవిడ నన్నే చూస్తున్నారు. ఆ గొంతునైనా భరించగలను గానీ, ఆ చూపు...

"నేనే అన్న సార్," గొణిగాను. "అబద్ధం."

"సరే. ఇక రాసుకుందాం."

అంతే. ఆగిపోయింది. తీగ అతికించి ఇచ్చాను.

"నిన్ను బాబూ అని పిలిచాను," అన్నారావిడ. వెళ్ళిపోయారు.

సంఘంలో వినిపించారు. ఖాళీలు లేవట. ఆయన ప్రతి మాటకూ నా గొంతు జవాబు చెబుతోందట, నేనెన్నడూ చూడని కాగితంలో ఉన్నవి ఉన్నట్టు. ఇదెవరి గొంతని అడిగితే ఆవిడ నా పేరు చెప్పారు. ఇద్దరూ కూర్చుని రాశారని పెద్దలు తేల్చారు. నేను కాదంటే వినయం అనుకున్నారు.

ఫిల్మ్‌నగర్ నిండా పోస్టర్లు వేశారు. మాటలు: సూర్యప్రకాశరావు, కమలాకర్.

ఆ రికార్డింగ్ ఫైలు తేదీ నాటికి నేను బోరబండ బడిలో ఆరో తరగతి. తేదీ సంఘం వాళ్ళు రాసుకున్నారు. నా వయసు ఎవరూ అడగలేదు.