నోరు కుట్టిన కపాలం

మధ్యాహ్నం మూడు గంటలు... అయినా లా పాజ్ నగరం మీద కాటుక పులిమినట్టు కటిక చీకటి! ఇల్లిమాని హిమశిఖరం మేఘాల వెనక అదృశ్యమైపోయింది. ఫెళఫెళమంటూ ఉరుములు... రేగిపళ్లంత వడగళ్లు... పట్టపగలు కరెంటు తీగ మీద వాలిన గుడ్లగూబ ఒకటి ఆ వానలో తడుస్తూనే క్యాసినో గుమ్మం వైపు రెప్పవాల్చకుండా చూస్తోంది!

మెట్లెక్కుతున్న నికొలాసా తార్కి దాన్ని చూసింది. భయపడలేదు. పది రోజులుగా ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కి ఉంది, అందులో భయానికి చోటు లేదు.

ఆ రోజు నవంబరు ఎనిమిది, కపాలాల పండుగ. ఊళ్లో జనం ఇళ్లలో పెట్టుకుని కొలిచే కపాలాలన్నీ ఈపాటికి గులాబీ కిరీటాలు పెట్టుకుని, నోట్లో సిగరెట్లతో, బ్యాండు మేళాల మధ్య శ్మశానంలోని చర్చికి ఊరేగుతుంటాయి. ముప్పై ఏళ్లలో నికొలాసా ఒక్క ఏడాది కూడా తప్పలేదు. గాజుపెట్టెలో ఉండి తమ ఇంటిని కాచే కపాలాన్ని ఇంటిల్లిపాదీ 'తాత' అనేవారు. దాని అసలు పేరు మాత్రం అది ఆమె కలలోకి వచ్చి ఆమె ఒక్కదానికే చెప్పుకుంది. ఆ పేరును ఆమె కన్నకూతురికి కూడా చెప్పలేదు.

ఈ ఏడు ఆమె చేతులు ఖాళీ!

పది రోజుల క్రితం మంగళవారం నాడు బంగాళాదుంపల బేరం ముగించుకుని ఇంటికొచ్చేసరికి గాజుపెట్టె పగిలి ఉంది, తాత లేడు. పక్కగదిలో నాట్యకారుల దుస్తులకు పూసలు కుట్టే పంతొమ్మిదేళ్ల కూతురు నిన్ఫా నేల మీద వెల్లకిలా పడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. రెప్పపాటు లేదు, తిండి లేదు, మాట లేదు. పోయిన శుక్రవారం మధ్యాహ్నం మాత్రం సరిగ్గా మూడు గంటలకు ఆ పిల్ల గొంతులోంచి ఎవడో మగవాడి బొంగురు కేక బయటికొచ్చింది.

"ఇస్పేటు రాణీ! ఆఠీను ఏడూ!"

పుట్టి బుద్ధెరిగాక పేకముక్క ముట్టని పిల్ల! సాయంత్రం దాకా ముక్కలే, ముక్కలే... ఒక్కో ముక్క పలికినప్పుడల్లా ఆ ముఖంలో నెత్తురు ఒక్కో చుక్క ఇంకిపోయింది!

కోకా ఆకులు పరిచి జోస్యం చూసిన ముసలమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. "నీ పిల్ల అజాయును, అదే, ఆత్మను, ఎవడో కపాలానికి కట్టేశాడే తల్లీ. పండుగ పొద్దు గుంకేలోగా ముడి విప్పకపోతే ఇక తిరిగిరాదు. మీద పడి లాక్కున్నావనుకో, దారంతో పాటు పిల్ల ప్రాణమూ తెగుద్ది. ముడేసినవాడే తన చేత్తో కపాలాన్ని బయటికి తియ్యాలి, అప్పుడే ఆ ముడి తెంపొచ్చు."

ఎవడో నికొలాసాకు ఆ రాత్రే తెలిసిపోయింది. క్యాసినోలో ప్రతి శుక్రవారం జరిగే చిన్న పోకర్ పోటీలో ఆమెతో ఆడే ముసలాయన, అందరూ మర్యాదగా 'దొన్' అని పిలిచే ఒకప్పటి బస్సు డ్రైవరు ఒవీదియో ఫోన్ చేశాడు. "అక్కా, ఈ వారం ఎవడు గెలిచాడో చెప్పుకో చూద్దాం! ఇలారియోన్ యూహ్రా! ఎవడి చేతిలో ఏముందో అద్దంలో చూసినట్టు ఆడాడు వెధవ!"

యూహ్రా! మంత్రగాళ్ల వీధిలో పైకి తాయెత్తులు అమ్ముతూ, గల్లా కింద చేతబడులు చేసే నికృష్టుడు! మూడు నెలల క్రితం ఉత్త ముక్కలతో వాణ్ణి బెదరగొట్టి పోటీలోంచి గెంటేసింది తనే. బల్ల చుట్టూ అందరూ నవ్వుతుంటే, ఆ ఊపులో తనే నోరు జారింది. "మా ఇంటి తాత నాకు ముక్కలు పంపిస్తాడురా అబ్బాయ్, నీకెవరు పంపిస్తారు?" అని. అది తలుచుకున్నప్పుడల్లా తన చెంప తనే వాయించుకోవాలనిపించేది ఆమెకు.

లోపల రెండు బల్లలు, పద్దెనిమిది మంది ఆటగాళ్లు. నికొలాసా కుచ్చుల పరికిణీ సర్దుకుని, తలమీది గుండ్రటి టోపీ తీయకుండానే కూర్చుంది. ఎదురుగా యూహ్రా! వాడి కుర్చీ కింద చారల దుప్పటిలో కట్టిన ఒక మూట. పండుగనాడు ఊళ్లో సగం మంది చేతుల్లో అలాంటి మూటలే ఉంటాయి కాబట్టి కాపలావాడు తెరిపించి చూడలేదు.

"ఏం నికొలాసక్కా, శ్మశానానికి పోలా? మీ తాత అలిగాడా ఏంటి?" అన్నాడు యూహ్రా పళ్లికిలిస్తూ.

"పోతాన్రా. తాతను తీసుకునే పోతా."

"పిల్లకు ఒంట్లో బాలేదంట గదా? పాపం, చక్కటి జుట్టు. దువ్వెన నిండా రాలిపోయుంటది!"

నికొలాసా పిడికిళ్లు బిగుసుకున్నాయి. ఆ జుట్టే... ఆ దువ్వెనలోంచి ఎత్తుకుపోయిన జుట్టే... నల్లదారంతో పేని, నల్లకోడి నెత్తుట్లో తడిపి, ఆ నీచుడు ముడి వేసి ఉంటాడు! లేచి వాడి పీక నులమాలనిపించింది. ముసలమ్మ మాట గుర్తొచ్చి పళ్లు కొరుక్కుంటూ కూర్చుంది.

ఆట మొదలైంది. డీలరు పిల్ల హోసెలిన్ ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు పంచుతోంది. నికొలాసాకు మంచి ముక్కలు వస్తే యూహ్రా వెంటనే వదిలేసేవాడు. చెత్త ముక్కలు వస్తే మీద పడి పందెం పెంచేవాడు. ముక్కలెత్తి చూసిన ప్రతిసారీ ఆమె మెడ వెనక ఎవరో చల్లగా ఊపిరి వదిలినట్టయ్యేది. ఆ ఊపిరిలో కూతురి తలనూనె వాసన!

ఒకసారి వడగళ్లు కప్పు మీద డప్పుల్లా మోగాయి. దీపాలు టపటపలాడి ఆరిపోయి మళ్లీ వెలిగాయి. "నీ కూతురు చీకటంటే జడుసుకుంటదేమో?" అన్నాడు యూహ్రా. కోపంతో కళ్లు బైర్లుకమ్మి నికొలాసా తన ముక్కలు చూడకుండానే విసిరేసింది. ఎప్పుడూ లేనిది, ఆ ఒక్క ఆటలో వాడు కుర్చీ కిందికి వంగి ఏదో గొణుక్కున్నాడు.

అయిదింటికి విరామం ఇచ్చారు. ఆమె వరండాలోకి పరుగెత్తి, పిల్ల దగ్గరున్న చెల్లెలు బెర్నార్దాకు ఫోన్ చేసింది.

"అక్కా, తొందరగా ఏదో ఒకటి చెయ్యవే! గుక్క తిప్పుకోకుండా ముక్కలే చెప్తోంది. ముక్కులోంచి నెత్తురు కారుతోంది. ఒంట్లో చలనం లేదు."

"అన్నీ సరిగ్గానే చెప్తోందా? ఒక్కటి కూడా తప్పలేదా?"

"నాకేం తెలుసు? ఒక్కసారి మాత్రం ఆగిపోయింది. దీపాలు పోయొచ్చినప్పుడు. తల అటూఇటూ కొట్టుకుంటూ 'అమ్మ దగ్గర చీకటి... ఏం కనబడట్లా' అంది."

నికొలాసాకు ఒక్కసారిగా వెలిగింది. తను ముక్కలు చూడలేదు, అందుకే పిల్లకు కనబడలేదు! ఆటగాళ్ల కళ్లలోంచే ఆ కట్టుబడిన ఆత్మ చూస్తోంది. కళ్లు మూస్తే మంత్రం గుడ్డిది!

తిరిగొచ్చి కూర్చున్నాక ఆమె ఇక ముక్కలు ముట్టుకోలేదు.

"దొన్యా నికొలాసా, ముక్కలు చూసుకోరా?" అంది హోసెలిన్.

"అక్కర్లేదమ్మా. ఉన్నదంతా పెట్టేస్తున్నా."

బల్ల గొల్లుమంది. "పిచ్చి పట్టిందా అక్కా?" అన్నాడు ఒవీదియో. పట్టింది మరి! చూడకుండా ఆడే పిచ్చిదానితో ఎలా ఆడాలో ఎవరికీ అంతు చిక్కలేదు. కొందరు జడిసి వదిలేశారు. కొందరు తెగించి ఆడి ఓడిపోయారు. ఒవీదియో అయితే చేతిలో ఇద్దరు రాజులుండి కూడా ఓడిపోయి, నెత్తి కొట్టుకుంటూ లేచి ఆమె కుర్చీ వెనకాలే నిలబడ్డాడు. మిగిలినవాళ్లను యూహ్రా ఒక్కొక్కణ్ణే మింగేశాడు.

ఆరు గంటలు దాటాయి. బల్ల దగ్గర మిగిలింది ఇద్దరే! మేఘాల అంచున సూర్యుడు నెత్తుటి ముద్దలా దిగిపోతున్నాడు...

"అంతా పెట్టేస్తున్నా," అంది నికొలాసా చూడకుండా. యూహ్రా ముక్కలు వదిలేశాడు.

"అంతా." మళ్లీ వదిలేశాడు.

"అంతా!" వదిలిన ప్రతిసారీ కట్టిన పందెం పోయి, వాడి ముందున్న పందెం చిప్స్ కుప్ప తరిగి సగమైంది. నుదుటి మీద చెమట. చెవి కిందికి వంచి వింటున్నాడు. మూట మూగబోయింది.

"చూడవే ముక్కలు! చూసి ఆడవే!" అరిచాడు.

"ఏరా, నా కళ్లతో నీకేం పని? నీ కళ్లు నీకున్నాయిగా, నీ ముక్కలు నువ్వు చూసుకుని ఆడు!"

హోసెలిన్ మళ్లీ పంచింది. నికొలాసా చూడకుండానే మళ్లీ "అంతా" అంది. యూహ్రా తన రెండు ముక్కలు చూసుకున్నాడు. పందెం అందుకోవడమా, వదలడమా? ఒక నిమిషం... రెండు నిమిషాలు... కుర్చీ కింది మూటను కాలితో తన్నాడు. "చెప్పు! దాని దగ్గరేముందో చెప్పు!" పిచ్చికోపంతో వంగి, దుప్పటి చింపి, కపాలాన్ని రెండు చేతులా పైకెత్తి బల్ల మీద ధభీమని పెట్టాడు!

అందరూ కెవ్వుమన్నారు. కళ్లుగా నికొలాసా కంటిగుంటల్లో పెట్టిన దూదిని వాడు పీకేశాడు. పై దవడనూ కింది దవడనూ కలిపి నల్లదారంతో కుట్టేశాడు. తన చెవికి మాత్రమే గుసగుస వినబడేలా, ఆ దారం పొడవునా నిన్ఫా పొడుగాటి వెంట్రుకలు పేనాడు! పండుగనాడు... తాతకు నోరు కట్టేశాడు! ఒక్క పొగ లేదు, ఒక్క కోకా ఆకు లేదు, ఒక్క పువ్వు లేదు!

"చెప్పరా ముసలి నాయాలా!" అంటూ యూహ్రా ఆ కపాలాన్ని చెంపమీద ఛెళ్లున కొట్టాడు.

నికొలాసా లేచింది. టోపీలో దాచిన కూతురి కుట్టుకత్తెర తీసింది. వాడు తేరుకునేలోగా దారం పుటుక్కున తెగింది!

"తాతా సెవేరో!" పది రోజుల కోపమంతా ఆ పిలుపులో బద్దలైంది. "సెవేరో తాతా! నీ పేరు పెట్టి పిలుస్తున్నా! నీ పండుగనాడు నీ నోరు కుట్టినవాడు వీడే! నా బిడ్డను కట్టేసినవాడు వీడే! నీ ఇష్టం, ఏం చేస్తావో చెయ్యి!"

దిక్కులు పిక్కటిల్లేలా పిడుగు పడింది! దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. ఆ చీకట్లో కపాలం దవడ కిర్రుమంటూ తెరుచుకుంది. నికొలాసా అందులో సిగరెట్టు పెట్టింది. ఎవరూ అగ్గి అంటించలేదు. అయినా దాని కొన ఎర్రగా భగ్గుమంది! కంటిగుంటల్లోంచి వెల్లువలా పొగ వచ్చి, పాములా లేచి, యూహ్రా నోట్లోకి, ముక్కులోకి, కళ్లలోకి దూరింది...

"వద్దు! తాతా, వద్దూ! దణ్ణం పెడతా! పూలు తెస్తా! మొక్కు తీరుస్తా...!" ఆ కేక సగంలో తెగిపోయింది.

దీపాలు వెలిగేసరికి యూహ్రా నేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. నల్లటి జుట్టు ముగ్గుబుట్టయింది. కళ్లు తెరిచే ఉన్నాయి. రెప్పపాటు లేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

"చీకటి... చీకటి... ఏం కనబడట్లా..."

కాపలావాడు గోడకు కరుచుకుపోయాడు. "దొన్యా... ఇక్కడ... పొగ తాగకూడదండీ," అన్నాడు.

"నేను తాగట్లేదు నాయనా. ఆయన తాగుతున్నాడు."

ఫోన్ మోగింది. అవతల బెర్నార్దా ఏడుపు, దాన్ని దాటుకుంటూ బలహీనంగా ఇంకో గొంతు. "అమ్మా... ఆకలేస్తోందే. తాతకు పూలు కొన్నావా?" నికొలాసా అక్కడే కూలబడి, పది రోజులుగా రాని ఏడుపంతా ఏడ్చింది.

హోసెలిన్ బల్ల మీది ముక్కలు తిరగేసింది. నికొలాసావి మూడు, ఎనిమిది, దేనికీ పనికిరాని చెత్త. యూహ్రావి రెండు ఆసులు!

"ఆసుల జతా!" అన్నాడు ఒవీదియో నోరు తెరిచి. "అంతకన్నా పెద్ద జత లేదు గదరా! కళ్లు మూసుకుని ఆడాల్సింది!"

"కళ్లు మూసుకునే ధైర్యం దొంగకెక్కడిదయ్యా?" అంది నికొలాసా ముక్కు చీదుకుంటూ. దారంలో చిక్కుకున్న కూతురి వెంట్రుకలు ఒక్కటి కూడా వదలకుండా ఏరి రవికలో దాచుకుంది. తాతను తన శాలువాలో పసిబిడ్డలా చుట్టుకుంది.

"అమ్మా, మొదటి బహుమతి మీదే! సంతకం పెట్టాలి!" హోసెలిన్ వెనక నుంచి పిలిచింది.

"తర్వాత పెడతాలే. శ్మశానం గేటు మూసేస్తారు. ముందు తాతకు గులాబీలు కొనాలి," అంటూ నికొలాసా గబగబా మెట్లు దిగింది.