సెల్ఫ్ కొట్టే మనిషి

మెకానిక్ ముందు మొండికేసిన బండిని నేను ఇంతవరకు చూడలేదు. ఇంటి ముందు మొండికేస్తుంది, ఆఫీసు దగ్గర మొండికేస్తుంది, నాలుగు రోడ్ల కూడలిలో వెనక బండ్లన్నీ హారన్లు కొడుతుంటే మొండికేస్తుంది. నా షెడ్డులో అడుగు పెట్టగానే మాత్రం ఎక్కడలేని బుద్ధీ వచ్చేస్తుంది. "ఇప్పటిదాకా ఇలా లేదండీ, ఒట్టు" అని యజమాని నెత్తి కొట్టుకుంటాడు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే తంతు.

నర్సమ్మ కారూ అంతే. బూడిద రంగు పాత పెట్రోలు కారు, మూడు చేతులు మారి ఆవిడ దగ్గరికి వచ్చింది. మధ్యాహ్నం తెచ్చి నా ముందే అయిదుసార్లు తాళం తిప్పింది. అయిదుసార్లూ గలగలమంటూ లేచింది. ఆవిడ మొహం చూస్తే జాలేసింది.

"పదిలో ఎనిమిదిసార్లు ఇలాగే లేస్తుందన్నా," అంది. "మిగతా రెండుసార్లు టక్కుమని కూడా అనదు. బ్యాటరీ మార్చారు, సెల్ఫ్ మోటారు మార్చారు. ముగ్గురు చూశారు, ముగ్గురూ బాగానే ఉందన్నారు."

"ఎప్పుడు లేవదమ్మా? ఎండలోనా, వానలోనా, ఇంజను వేడి మీద ఉన్నప్పుడా?"

"నేనొక్కదాన్నే ఉన్నప్పుడు," అని నవ్వబోయి ఆగిపోయింది. "మొన్న డ్యూటీ దిగాక ఆస్పత్రి వెనకాల గంటసేపు ఇందులోనే కూర్చున్నాను. ఇప్పటికి మూడుసార్లు ఆలస్యమైంది. ఇంకోసారి అయితే ఇక రావద్దన్నారు. రాత్రి తొమ్మిదికి ఎక్కాలి. ఎనిమిదికల్లా అవుతుందా అన్నా?"

అవుతుంది అన్నాను. మా మెకానిక్కులందరూ అలాగే అంటారు.

ఇలా వచ్చి పోయే రోగం పట్టుకోవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని తాళం తిప్పాలి. దాన్ని మేం సెల్ఫ్ కొట్టడం అంటాం. ఇంకొకరు బానెట్ కింద తల దూర్చి, టెస్ట్ బల్బు పట్టుకుని, కరెంటు ఎక్కడిదాకా వచ్చి ఎక్కడ ఆగిపోతోందో చూడాలి. పైకెత్తిన బానెట్ అడ్డంగా ఉంటుంది కాబట్టి ఒకరికొకరు కనిపించరు. మాట మీదే పని జరగాలి.

నాకు ఇరవై రెండేళ్ళు సెల్ఫ్ కొట్టింది మా ఆవిడ. మనిషి పొట్టి. ఏ బండి ఎక్కినా ముందు సీటంతా ముందుకు లాక్కునేది. పెళ్ళయిన కొత్తలో ఎవరో అరిస్తే నేనే చెప్పాననుకుని తాళం తిప్పింది, నా చూపుడువేలి కొస ఫ్యాన్ బెల్టులోకి పోయింది. ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టింది. నేను "కొట్టు" అంటే వెంటనే కొట్టదు. "చేతులు?" అని అడుగుతుంది. "తీశా" అంటేనే తాళం తిప్పుతుంది. రోజుకి నలభైసార్లు అదే ప్రశ్న. విసుక్కునేవాణ్ణి, తిట్టేవాణ్ణి. అయినా అడగడం మానలేదు.

ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు బల్బుకి పొడుగు వైరు కట్టి, కిటికీలోంచి సీట్లోకి లాక్కుని, నేనే కొట్టి నేనే చూసుకుంటున్నాను. మాట్లాడే పని లేదు. ఒక్కోరోజు షట్టరు దించేటప్పుడు గుర్తొస్తుంది, పొద్దుట్నుంచి నోరు విప్పలేదని.

ఆ సాయంత్రం ఆరింటికే చీకటి పడింది. వాన. షట్టరు కింద జానెడు సందు మాత్రం వదిలి దించేశాను. రేకుల మీద చినుకుల మోత, నేల మీద పాత ఆయిలు వాసన, గోడకి వేలాడే పానాలు, ఒకే ఒక్క లైటు. నర్సమ్మ కారు షట్టరుకి వీపు పెట్టి నిలబడి ఉంది. తాళం దానికే వదిలేశాను. బానెట్ ఎత్తి, సెల్ఫ్ మోటారు దాకా చెయ్యి దూర్చి, దాని సన్న వైరుకి బల్బు ముల్లు గుచ్చాను. పొడుగు వైరు బల్ల మీదే మర్చిపోయాను. మనసెక్కడో ఉంది. వాన పడితే మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులొచ్చేవి, అది గుర్తొచ్చింది.

"కొట్టు," అన్నాను.

అన్నాక నాకే సిగ్గేసింది. ఖాళీ సీటుకి పని చెబుతున్నానంటే బుర్ర చెడుతోందన్నమాట అనుకుని చెయ్యి వెనక్కి తీస్తున్నాను. చేతిలో బల్బు వెలిగింది. సెల్ఫ్ తిరిగింది. ఇంజను లేచింది.

అక్కడే నిలబడిపోయాను. తర్వాత చుట్టూ తిరిగి వచ్చి డ్రైవరు వైపు కిటికీలోంచి చూశాను. ఎవరూ లేరు. తాళం తిరిగి ఉంది. కీ స్విచ్ లోపల కాంటాక్టు అంటుకుంటే ఒక్కోసారి ఇలా జరుగుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. తాళమే ఎలా తిరిగిందని మాత్రం ప్రశ్నించుకోలేదు. ఆపుదామని తలుపు తీశాను. తడిసిన బట్టలు మూటగట్టి వారం రోజులు వదిలేసినట్టు ముక్క వాసన గుప్పుమంది.

సీటు ముందుకి ఉంది. పూర్తిగా, స్టీరింగుకి ఆనుకునేంత ముందుకి. నర్సమ్మ పొడుగాటి మనిషి. మధ్యాహ్నం ఆవిడ దిగినప్పుడు సీటు వెనక్కే ఉంది.

నాకు భయం వెయ్యలేదు. ఎందుకు అబద్ధం చెప్పాలి... నాకు ఏడుపొచ్చింది.

మళ్ళీ ముందుకి వెళ్ళాను. బానెట్ వెనకాల నిలబడి, గొంతు సవరించుకుని, "ఆపు," అన్నాను. ఇంజను ఆగింది. "కొట్టు." లేచింది. "ఆపు." ఆగింది. ఇద్దరం పని మొదలుపెట్టాం.

తోడు మనిషి ఉంటే పని ఎలా పరిగెడుతుందో మర్చిపోయాను. పదోసారో పదకొండోసారో సెల్ఫ్ తిరగలేదు. బల్బు మాత్రం ధగధగా వెలుగుతోంది. అంటే తాళం నుంచి కరెంటు బాగానే వస్తోంది, తప్పు దాని తర్వాత ఉంది. ముల్లు పీకి, ఇంజను ఒంటికి ఒక కొస, బ్యాటరీ మైనస్‌కి ఇంకో కొస పెట్టాను. అక్కడ బల్బు వెలగకూడదు. "కొట్టు" అన్నాను. వెలిగింది.

కరెంటు బ్యాటరీకి తిరిగి పోయే దారి తెగుతోందన్నమాట. బ్యాటరీ పళ్ళెం కింద ఇంజనునీ బాడీనీ కలిపే ఎర్త్ పట్టీ ఉంటుంది. దాని బోల్టు వదులు. చుట్టూ పచ్చటి పొడి పట్టి ఉంది. ముగ్గురు మెకానిక్కులు పెద్దపెద్ద సామాన్లు మార్చారు, ఈ బోల్టు మీద ఎవరి చెయ్యీ పడలేదు. గీకి బిగిస్తే అయిదు నిమిషాల పని.

బిగిస్తే కారు వెళ్ళిపోతుంది.

పానా చేత్తో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఏడింటికి ఫోన్ మోగింది.

"దొరికిందా అన్నా?" నర్సమ్మ.

"ఇంకా లేదమ్మా," అన్నాను. కావాలనే కాస్త విసుగ్గా అన్నాను. "ఇంకో రెండు రోజులు పడుతుంది."

"సరే అన్నా. బస్సు చూసుకుంటా," అని పెట్టేసింది. ఆవిడ ఉద్యోగం సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను.

పానా బల్ల మీద పెట్టేసి వచ్చాను. ఇక చెయ్యాల్సిన పనేమీ లేదు గనక పని కల్పించుకున్నాను. ఫ్యాన్ బెల్టు పగుళ్ళేమైనా ఉన్నాయా అని వేళ్ళతో తడుముతూ కబుర్లు చెబుతున్నాను. పక్కింటివాళ్ళు ఖాళీ చేసి వెళ్ళారని, పొయ్యి ఒక వైపు వెలగట్లేదని, ఒక్కడికి వండుకోవడం బద్ధకమని. సీటు కిర్రుమంది, ఎవరో వినడానికి ముందుకి వంగినట్టు.

నేను కొట్టు అనలేదు.

సెల్ఫ్ తిరిగింది. బెల్టు కదిలింది. రెండు వేళ్ళు దాంతోపాటు లోపలికి... అంతలో ఆగిపోయింది. వదులు బోల్టు. కరెంటు తెగింది. చెయ్యి లాక్కున్నాను. వేళ్ళ మీద చర్మం లేచిపోయింది, అంతే. ఇంకో అర చుట్టు తిరిగి ఉంటే వేళ్ళు ఉండేవి కావు.

రక్తం కారుతున్న చెయ్యి పట్టుకుని బానెట్ వెనకాల నిలబడ్డాను.

"చేతులు... అడగలేదేం?" అన్నాను గుసగుసగా.

మొదటిసారీ అడగలేదు. ఆ తర్వాత ఒక్కసారి కూడా అడగలేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ పక్కన పెట్టేశాను. ఆ పద్ధతి పెట్టాక మా ఆవిడ నా మాట వినకుండా ఒక్కసారి కూడా తాళం తిప్పలేదు. సీట్లో ఉన్నది ఆవిడ కాదు.

టక్... టక్... తాళం మళ్ళీ తిరుగుతోంది. సెల్ఫ్ అందుకోవట్లేదు. టక్... టక్... ఓపిగ్గా తిరుగుతోంది.

కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం లాగేశాను. లోపలికి చూడలేదు. తాళం జేబులో వేసుకుని, బ్యాటరీ వైరు పీకేసి, పళ్ళెం కిందికి చెయ్యి దూర్చాను. పొడి గీకాను. బోల్టు బిగించాను. తొందరలో పానా రెండుసార్లు కింద పడింది. మనసులో ఒకటే మాట, ఈ బండి ఇక్కణ్ణించి పోవాలి. నర్సమ్మకి ఫోన్ చెయ్యాలి, అబద్ధం చెప్పానని ఒప్పుకోవాలి, ఆవిడ టైముకి డ్యూటీ ఎక్కాలి.

అంతలోనే ఇంకో ఆలోచన వచ్చింది. సీట్లో ఉన్నదీ ఆవిడతోనే వెళ్తుందా? మూడు చేతులు మారిన బండి. ఒక్కదాన్నే ఉన్నప్పుడు లేవదు అంది. అంటే ఇన్నాళ్ళూ దీన్ని ఆపింది ఆ వదులు బోల్టేనా, నేనిప్పుడు దాన్ని...

ఆ ఆలోచన పూర్తి కానివ్వలేదు. బ్యాటరీ వైరు తగిలించి, తలుపు తీసి సీట్లోకి దూరాను. మోకాళ్ళు స్టీరింగుకి నొక్కుకున్నాయి. లివరు లాగినా సీటు వెనక్కి పోలేదు. తాళం పెట్టి తిప్పాను. లేచింది. ఆపాను, మళ్ళీ కొట్టాను. పదిసార్లు. పదిసార్లూ ఒకే కూతకి లేచింది. బండి బాగైపోయింది.

ఇంజను ఆపి, దిగడానికి తలుపు మీద చెయ్యి వేశాను.

డ్రైవరు సీట్లోంచి చూస్తే, ఎత్తిన బానెట్ అడుగున నాలుగు వేళ్ళ సందు ఉంటుంది. ఆ సందులో వెలుతురు కదిలింది. పసుపు పచ్చటి చిన్న వెలుతురు. ఇంజను మీద అటూ ఇటూ తిరిగి, ఒక చోట ఆగింది.

నా టెస్ట్ బల్బు నా ఒళ్ళోనే ఉంది.

"ఆగు..." అని వినిపించింది బానెట్ అవతల నుంచి. "ఇంకా కొట్టకు."

తలుపు తీసుకుని పరిగెత్తొచ్చు. మోకాళ్ళు ఇరుక్కున్నా, ఈడ్చుకుంటూ అయినా దిగొచ్చు. తాళం తిప్పొచ్చు కూడా. తిప్పితే అక్కడ ఎవరి చేతులున్నాయో తెలిసిపోతుంది. ఏదీ చెయ్యలేదు. భయమేసింది, నిజమే. కానీ ఆగమని నాకు ఎవరైనా చెప్పి రెండేళ్ళయింది. అందుకే ఆగాను.

షట్టరు మీద ఎవరో రెండుసార్లు తట్టారు.

"అన్నా, లైటు కనబడి వచ్చాను." నర్సమ్మ. వగరుస్తోంది. "బస్సులు రావట్లేదు. ఏమైనా దొరికిందా?"

పక్క అద్దంలో చూశాను. షట్టరు కింద సందులో తడిసిన తెల్ల బూట్లు కనిపించాయి. టైము ఎనిమిదే అయింది. తాళం ఇస్తే ఇప్పటికీ అందుకుంటుంది. కానీ ఆవిడ ఈ బండి తీసుకుని వెళ్ళకూడదు. నా బండిలో దింపుతా పదమ్మా, అది అసలే వద్దు అని చెప్పాలి. ఊపిరి తీసుకుని నోరు తెరిచాను.

"ఇంకా లేదమ్మా," అన్నారు బానెట్ అవతల నుంచి, కాస్త విసుగ్గా. "ఇంకో రెండు రోజులు పడుతుంది."

గొంతు నాదే.

"సరే అన్నా," అంది నర్సమ్మ. తెల్ల బూట్లు ఇంకొంచెంసేపు అక్కడే ఉన్నాయి. తర్వాత నీళ్ళల్లో అడుగుల చప్పుడు దూరమైంది.

నా నోరు తెరిచే ఉంది. సందులో వెలుతురు మెల్లగా ఇంజను లోపలికి, ఇంకా లోతుకి దిగి, మళ్ళీ పని మొదలుపెట్టింది.