ఏడు కుండీల ఉప్పు

"సార్, రేపు పొద్దుగాల నా మీద ఠాణాల కేసు పెడ్తరట. జర నన్ను బచాయించున్రి!"

మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులోని ఆఫీసులోకి కొమురమ్మ చెప్పులైనా విడవకుండా వచ్చి పడింది. రాధ టీచర్ ఇంట్లో ఆరేళ్లుగా పనిమనిషి. వరండాలోని ఎనిమిది కుండీల్లో ఏడు ఎండిపోయాయి. మొన్న మాటా మాటా అనుకున్న కక్షతో ఉప్పు పోసిందని టీచర్ నింద వేసింది. ఈ మాట వాడలో పాకితే కొమురమ్మను ఇంకెవరూ గడప తొక్కనివ్వరు.

డిటెక్టివ్ సదానందం బండి తీశాడు. వెనక కూర్చున్న అసిస్టెంట్ శ్వేతకు మనసు ఒకచోట నిలవలేదు. చచ్చింది చెట్లే అయినా పోయేది మనిషి పరువు మరి.

కుండీల మట్టి మీద తెల్లటి పొర కట్టి ఉంది. శ్వేత వేలితో అద్ది నాలుకకు రాసుకుంది. ఉప్పే. పైన వేలాడే మనీప్లాంట్ మాత్రం నిగనిగలాడుతోంది.

"పైదానికి నీళ్లెవరు పోస్తరు టీచర్?" సదానందం అడిగాడు.

"కొమురమ్మనే. స్టూలెక్కి నల్లా నీళ్లు పోస్తది. నాకందదు."

"కిందియాటికి?"

"నేనే. గివన్నీ మా అమ్మ మా ఊర్ల, నర్మెట్టల పెంచిన చెట్లు. అన్నం వార్చి, గంజి సల్లార్చి పోసేది. అమ్మ పోయినంక ఈడికి తెచ్చుకొని నేను గూడ గట్లనే పోస్తున్న." రాధ ఎండిన కొమ్మను నిమిరింది.

కోపంలోనూ ఆమె మర్యాద తప్పలేదు. ఇద్దరికీ అన్నం పెట్టింది. సదానందం కూర కలపకుండా ఒట్టి అన్నమే తీరుబడిగా నమలసాగాడు. శ్వేతకు ఒళ్లు మండింది. అవతల వెనకే వచ్చిన కొమురమ్మ గేటు బయటే నిలబడి ఉంటే ఈయనకు అన్నం రుచులు కావాల్సొచ్చాయి!

చెయ్యి కడుక్కుని అందరినీ వరండాలోకి పిలిచాడు. రాధ మామగారు సంజీవ కూడా వచ్చి నిలబడ్డాడు.

"కొమురమ్మ ఒక్కతే చూసుకున్న చెట్టు బతికింది. గంజి తాగినయి సచ్చినయి. అన్నంల ఉప్పేస్తరా టీచర్?"

"ఏస్తం. ఉప్పు లేకుంటే మామకు ముద్ద దిగదు."

"మరి మీ అమ్మ?"

రాధ ఎండిన కుండీల వైపు తిరిగింది. పుట్టింట్లో వండేది చప్పటి అన్నం. అత్తగారింట్లో ఎసట్లోనే ఉప్పు పడుతుంది. వార్చిన గంజితో ఆ ఉప్పంతా రోజూ కుండీల్లోకే పోయింది.

"అమ్మ చెట్లను నా చేతులతోనే సంపుకున్ననా?" అంటూ కూలబడింది. కేసు తేలినా శ్వేతకు సంతోషం కలగలేదు.

ఆ పూట గంజి గిన్నె గడప పక్కనే చల్లారుతోంది. కొమురమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది.

"ఉప్పేసిన గంజి మనుషులకు టీచరమ్మా, చెట్లకు గాదు."

రాధ కళ్లు తుడుచుకుని లోపలికెళ్లింది. తను తాగే గ్లాసు తెచ్చి, గంజి పోసి, కుర్చీ జరిపింది.

"కూసో కొమురక్కా. తప్పు నాది, మాఫ్ చెయ్యి."

ఆరేళ్లలో ఆ ఇంట్లో కొమురమ్మ కుర్చీ మీద కూర్చోవడం అదే మొదలు.