ఉప్పుమంచులో పెన్ను

చేప కోసం రోజూకంటే ముందే ఐసుపెట్టె తెరిచిన ఝాన్సీ చేతికి, ఉప్పు కలిపిన మంచు అడుగున అత్తగారి ఇన్సులిన్ పెన్ను తగిలింది. లోపల మందు గడ్డకట్టి ఉంది.

పెన్నుకు మారిన ఈ పన్నెండు రోజులుగా అత్త కూర్మమ్మ షుగరు నాలుగు వందల కిందికి దిగడం లేదు. అంతకుముందు ఆరేళ్లపాటు రోజూ సీసాలోంచి సిరంజిలోకి మందు లాగి, బుడగ పోగొట్టి పొడిచింది ఝాన్సీయే. భర్త గంగులు చేపల వేటకెళితే వారందాకా రాడు. భావనపాడు దాటి ఒక్క పూట పుట్టింటికి కూడా పోలేదామె. పెన్నయితే అంకె తిప్పి అత్తే పొడుచుకోగలదు. ఆ ధైర్యంతోనే నరసన్నపేట మందులషాపులో పనికి ఒప్పుకుంది. సోమవారం చేరాలి.

"అత్తా, దీన్ని ఐసులో నువ్వెట్టావా?"

"నానెందుకెడతానే? ఆ పెన్ను ఆటబొమ్మని మొదట్నుంచీ సెప్తన్నాను. సీసా మందే మందు. పనీ గినీ మానీసి ఇంటికాడుండు."

"రెండిట్లోనూ ఒకటే మందత్తా. గడ్డకట్టిందంటే ఏదీ పనిసెయ్యదు."

"అయితే ఇన్నాళ్లూ నా ఒంట్లోకి నీళ్లెళ్లాయేటి? నీ పెన్ను, నీ పూచీ."

ఐసుపెట్టె మూత తనమీదే పడినట్టయింది ఝాన్సీకి. ఇక సోమవారం లేదు. అంతలో గుమ్మంలో మామగారు లక్ష్ముడు కనిపించాడు, భుజాన తువ్వాలుతో. రోజూ తెల్లారగానే పెన్ను తుడిచి అత్త చేతికిచ్చేది ఆయనే.

"మావా, పొద్దున్నే ఆ పెన్నుకు తడెందుకుంటాది?"

లక్ష్ముడు గడపమీద కూలబడ్డాడు.

"నానే రోజూ రాత్రి ఎట్టి, తెల్లారకముందే తీసి కరగనిస్తన్నాను. సల్లగా ఉంచమని నర్సమ్మ అంది గదా. ఫ్రిజ్జయితే కరెంటు పోతాది. నలబై ఏళ్లు సేపని ఉప్పుమంచులోనే కాపాడాను, మందు మాత్రం సెడతాదేటనుకున్నాను."

ఝాన్సీ మనసు కరిగింది. పక్కన కూర్చుంది. "తెలీక సేసావు. కొత్తది తెచ్చుకుందాం, ఊరుకో మావా."

కూర్మమ్మ కళ్లొత్తుకుంది. "పిచ్చిమారాజు. దానికి కోడల్నెందుకు తిట్టించావు?"

లక్ష్ముడు కోడలి చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు. తల ఎత్తలేదు.

"తెలీకేటి కాదమ్మా. గడ్డకడితే మందు సచ్చిపోతాదని మూడ్రోజులకింద ఆస్పత్రిలో ఎవలికో సెప్తంటే ఇన్నాను. ఇనీ మళ్లీ ఎట్టాను. మీ అత్త షుగరు దిగిపోతే నువ్వు సోమారం ఎళ్లిపోతావు. నువ్వు లేనప్పుడు దీనికేటైనా అయితే నాకు సేతకాదని బయం. పెన్ను అంకె ఎలా తిప్పాలో నాకు నేర్పీసి నువ్వు బస్సెక్కు తల్లీ. నిన్నీ ఇంట్లో కట్టీడానికి నా ఆడదాన్నే సంపుకోబోయాను."